పేరుకి కాపలా కాసిన పెసరకాయల వారు

గంగవల్లిపాలెంలో తెలివిని తక్కెట్లో తూచి అమ్మాల్సొస్తే ఆ కొట్టు పెసరకాయల వారి అరుగు మీదే పెట్టాలి. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు లెండి. పెసరకాయల గవరయ్య తన గురించి తానే అనుకున్నది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ ఓసారి అనుకుంటాడు, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ ఇంకోసారి అనుకుంటాడు. "అవునన్నయ్యా, తలకాయలంటే మనవే తలకాయలు" అంటాడు తమ్ముడు తాతబ్బాయి. గవరయ్య భార్య మంగతాయారు, తాతబ్బాయి భార్య సూరీడమ్మ వంటింట్లోంచి "మరే, మరే" అంటారు. అలా నలుగురూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుంటూ బతికే ఇల్లది. బయటివాళ్ళు వాళ్ళని మెచ్చుకునే అవకాశం ఇంతవరకూ రాలేదు.

ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చెయ్యడం వాళ్ళ గొప్ప. "చెప్పింది చెప్పినట్టు చేసేవాడికి తప్పెలా వస్తుందయ్యా?" అని గవరయ్య అందర్నీ అడుగుతుంటాడు. ఎలా వస్తుందో మీరే చూద్దురుగాని.

అబద్ధం ఆడకూడదు, ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టడంలో మంగతాయారుని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. నూనెలో వెయ్యగానే పువ్వులా విచ్చుకుంటాయి. కొరికితే పక్కింటివాళ్ళకి వినబడుతుంది. ఓ పెళ్ళిలో పెద్ద వంటవాడు కామేశం గారు ఆ వడియం ఒకటి నోట్లో వేసుకుని, "అమ్మా, ఇలాంటివి ఎన్ని పెట్టినా అమ్ముడుపోతాయి" అన్నారు.

అనకూడదా మాట. ఇంకేముంది! గవరయ్య రెండెకరాల్లో బూడిద గుమ్మడి వేశాడు. శివరాత్రి వెళ్ళగానే మొదలెట్టారు వడియాలు. ఎక్కడ ఆపాలో కామేశం గారు చెప్పలేదు కదా, అందుకని ఆపలేదు. పప్పు రుబ్బడం, కాయ తరగడం, డాబా మీద పాత పంచెలు పరిచి పెట్టడం, ఎండబెట్టడం. డబ్బాలు నిండాయి. కుండలు నిండాయి. బట్టల బీరువాలోంచి బట్టలు తీసేసి వడియాలు పోశారు. తలగడల్లో దూది తీసేసి వడియాలు కుక్కారు. తాతబ్బాయి పక్కమీద అటు దొర్లితే ఒక చప్పుడు, ఇటు దొర్లితే ఒక చప్పుడు. జ్యేష్ఠం వచ్చింది. పడమట మబ్బు కనబడింది.

అప్పుడు గవరయ్యకి గుండె గుభేలుమంది. వడియానికి చెమ్మ తగిలితే మెత్తబడుతుంది, మెత్తబడితే బూజు పడుతుంది. నాలుగు నెలలు వంగి వంగి పెట్టిన మంగతాయారు నడుం ఇప్పుడు నిలబడ్డా నిటారుగా రావడం లేదు. ఆవిణ్ణి చూస్తే ఆయనకి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వానలు పడేలోగా ఈ వడియాలు గుమ్మం దాటాలే మంగా. లేకపోతే నీ నడుమూ పోయినట్టే, నా పొలమూ పోయినట్టే" అన్నాడు.

"అమ్ముడుపోతాయన్నారు కదండీ ఆయన. ఇన్నాళ్ళయింది, ఒక్కటైనా దానంతటది పోలేదేం?" అంది మంగతాయారు. రోజూ పొద్దున్న డబ్బాలు తెరిచి తగ్గాయేమో అని చూస్తోందిట, పిచ్చి తల్లి.

సరే, మంగళవారం నాడు గవరయ్య వెళ్ళి కామేశం గారినే పట్టుకున్నాడు. ఆయన వంటవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు కూడా. సంగతంతా విని ఆయన నవ్వాపుకుని ఇలా చెప్పారు.

"చూడు గవరయ్యా, ఈ రోజుల్లో సంతలో బుట్ట పెట్టుకుని కూర్చుంటే ఎవడు చూస్తాడు? ఒక వెబ్‌సైటు పెట్టించు. దానికి మంచి పేరు పెట్టు. ఆదివారం టౌన్లో మా సంఘం సభ. మూడొందలమంది వంటవాళ్ళొస్తారు. నువ్వు స్టేజీ ఎక్కి ఆ పేరు ఒక్కసారి చెప్పు చాలు. వాళ్ళు రాసుకుంటారు. ఫోన్లో ఆ పేరు కొట్టి ఎవరికి కావలసినంత వాళ్ళు తెప్పించుకుంటారు. నీ ఇల్లు రెండు రోజుల్లో ఖాళీ."

గవరయ్య అటునుంచి అటే టౌన్లో కంప్యూటర్ షాపు దివాకరం దగ్గరికి వెళ్ళాడు. దివాకరం మంచివాడు. ఇలాంటివాళ్ళతో మంచితనం పనికిరాదని అతనికింకా తెలీదు.

"సైటు నేను చేసిస్తాను గవరయ్య గారూ. పేరు మాత్రం మీరే ఆలోచించుకోండి. చిన్నదిగా ఉండాలి. ఒకసారి వింటే మర్చిపోకూడదు. ఇంకెవరికీ ఉండకూడదు. ఇంటికెళ్ళి నలుగురూ కూర్చుని ఆలోచించండి. ఖాయం చేసుకున్నాక ఎవరితోనూ అనకుండా తిన్నగా నా దగ్గరికి రండి. బయటికి పొక్కితే ఇంకెవరో ముందు కొనేసుకుంటారు" అన్నాడు.

అంతే. ఇంటికి రాగానే నలుగురూ వసారాలో చాప వేసుకుని కూర్చున్నారు. ఆలోచన మొదలైంది. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన. సూరీడమ్మ లేవబోయింది.

"కూర్చో అమ్మాయ్! నలుగురూ కూర్చుని ఆలోచించమన్నాడు. నువ్వు లేస్తే ముగ్గురమే అవుతాం" అన్నాడు గవరయ్య.

"పాలు పొంగిపోతున్నాయి బావగారూ."

"పొంగనీ. పాలు మళ్ళీ వస్తాయి, ఆలోచన మళ్ళీ వస్తుందా?"

పాలు పొంగిపోయాయి, గిన్నె మాడిపోయింది, ఇల్లంతా పొగ. దగ్గుకుంటూ నలుగురూ కూర్చునే ఆలోచించారు. ఎవరికీ ఏమీ తట్టలేదు. చివరికి గవరయ్యే గొంతు సవరించుకుని, "శ్రీ పెసరకాయల వారి స్వచ్ఛమైన ఇంటి బూడిద గుమ్మడికాయ వడియాల మందిరం" అన్నాడు. బొగ్గుముక్క తీసుకుని గోడ మీద రాశాడు. రాసి జానలతో కొలిచాడు. పదిహేడు జానలు వచ్చింది.

"చిన్నదిగా ఉండాలన్నాడు కదన్నయ్యా" అన్నాడు తాతబ్బాయి.

గవరయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత అదే పేరుని చీమల్లాంటి అక్షరాలతో కింద మళ్ళీ రాశాడు. కొలిస్తే రెండు జానలు. "ఇప్పుడు చిన్నదయింది చూడు" అన్నాడు. ముగ్గురూ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఓరి వీళ్ళ తెలివి తగలెయ్యా, అంత తెలివి ఎక్కడ దాచుకున్నారో!

ఇక రెండోది, వింటే మర్చిపోకూడదు. ఆ పరీక్ష తాతబ్బాయి మీద పెట్టారు. ఎందుకంటే ఆ ఇంట్లో మర్చిపోవడంలో అతనే మొనగాడు. చెప్పులు వేసుకుని చెప్పులు వెతుక్కునే రకం. గవరయ్య పేరంతా చెప్పి, పెరట్లో నూతి దాకా వెళ్ళి రమ్మన్నాడు. తాతబ్బాయి వెళ్ళాడు, వచ్చాడు.

"చెప్పు పేరు."

"ఎవరి పేరన్నయ్యా?"

ఆ పేరు పోయింది. ఇంకోటి అనుకున్నారు, అదీ పోయింది. బుధవారం మధ్యాహ్నానికి పద్దెనిమిది పేర్లు నూతి దాకా వెళ్ళి తిరిగి రాలేదు. గవరయ్య తల పట్టుకున్నాడు. ఆదివారం దగ్గర పడుతోంది, మబ్బు దగ్గర పడుతోంది. ఆకలేసి సూరీడమ్మ తలగడలోంచి ఓ వడియం తీసి వేయించుకుని కొరికింది. కరకర మంది.

"కరకర" అన్నాడు గవరయ్య. "కరకర! బాగుందే."

మనలో మాట, నిజంగానే బాగుంది. చిన్నది, వింటే నోరూరుతుంది, ఎవరికైనా గుర్తుంటుంది. మూర్ఖులకి కూడా ఎప్పుడో ఒకసారి మంచి మాట దొరుకుతుంది, దాంతో ఏం చెయ్యాలో తెలియదు, అంతే.

తాతబ్బాయి నూతి దాకా వెళ్ళొచ్చాడు. మర్చిపోయాడు. ఇంకేముంది, ఆ పేరూ పోయేదే. కానీ మంగతాయారు అడ్డుపడింది.

"ఏవండీ, తప్పు పేరుది కాదు, చెప్పడంలో ఉంది. చిన్నప్పుడు మేష్టారు తొడపాశం పెట్టి చెప్పిన ఏడో ఎక్కం తాతబ్బాయి ఇవాళ్టిదాకా మర్చిపోలేదు. అలా చెప్పి చూడండి."

గవరయ్య తమ్ముడి తొడ మీద కండ పట్టుకుని ఒక్క మెలి తిప్పి, "కరకర!" అన్నాడు. తాతబ్బాయి కెవ్వుమన్నాడు. నూతి దాకా కుంటుకుంటూ వెళ్ళాడు, కుంటుకుంటూ వచ్చాడు. "చెప్పు" అనకముందే "కరకర, కరకర, కరకర!" అని ఏడ్చాడు. ఇంకేం, మర్చిపోలేని పేరు దొరికింది!

ఇక మూడోది, ఇంకెవరికీ ఉండకూడదు. ఎవరికైనా ఉందో లేదో అడక్కుండా తెలుస్తుందా? గురువారం పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ ఊళ్ళో ప్రతి గడపా ఎక్కారు.

"ఏమ్మా, మీ ఇంట్లో కరకర అనే పేరున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరు బాబూ."

"మీ అత్తగారి వైపు? మీ గేదెకి? పోనీ, కడుపులో ఉన్న బిడ్డకేమైనా అనుకున్నారా?"

అలా నూట నలభై ఇళ్ళూ తిరిగారు. చివరి ఇల్లు దాటాక గవరయ్య దారి మధ్యలో ఆగిపోయాడు.

"ఒరే తాతబ్బాయ్, ఎవరితోనూ అనొద్దన్నాడు కదరా!"

"అన్నాం కదన్నయ్యా, అందరితోనూ."

"ఇప్పుడేం చేద్దాం?"

"అన్లేదని చెబుదాం."

గవరయ్య తమ్ముణ్ణి కౌగిలించుకున్నాడు. అంతే, ఇద్దరూ మళ్ళీ మొదటి ఇంటి దగ్గర్నుంచి మొదలెట్టారు. "ఏమ్మా, ఇందాక మేమొచ్చి కరకర అనే పేరు చెప్పలేదు. మా వెబ్‌సైటుకి కరకర అని పెట్టుకోవడం లేదు. మీరు కరకర అనే మాట విన్లేదు. గుర్తుంచుకోండి." ఒకసారి విని ఊరుకున్నవాళ్ళు కూడా రెండోసారికి కంఠతా పట్టేశారు. సాయంత్రానికి పిల్లలు వీధిలో "కరకర విన్లేదు, కరకర విన్లేదు" అని పాట కట్టి గెంతుతున్నారు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. అదృష్టం ఏంటంటే, ఆ ఊళ్ళో ఆ పేరు కొనుక్కోవాలన్నంత ఆశ ఎవరికీ లేదు.

శుక్రవారం పొద్దున్న పేరు పట్టుకుని టౌనుకి బయల్దేరబోతుంటే మంగతాయారు గుమ్మంలో నిలబడిపోయింది.

"బారసాల చెయ్యకుండా పేరెలా పెడతారండీ? అరిష్టం కాదూ?"

నిజమే కదా అనుకున్నాడు గవరయ్య. పళ్ళెం, శేరు బియ్యం, పసుపు, వేలికి ఉంగరం, కొత్త గుడ్డ అన్నీ సర్దుకుని నలుగురూ దివాకరం షాపు మీద పడ్డారు.

"పేరు కుదిరిందాండీ? ఇక్కడ కొడదాం" అని దివాకరం కీబోర్డు చూపించాడు.

"బిడ్డేదీ?" అంది మంగతాయారు.

"ఏ బిడ్డండీ?"

"పేరు ఎవరికి పెడుతున్నామో ఆ బిడ్డ."

దివాకరం కంప్యూటర్ వైపు చెయ్యి ఊపాడు. ఇంకేముంది! సూరీడమ్మ దానికి కొత్త గుడ్డ చుట్టింది. మంగతాయారు బొట్టు పెట్టింది. పేరు కీబోర్డు మీదే కొట్టాలన్నాడు కాబట్టి గవరయ్య శేరు పసుపు బియ్యమూ కీబోర్డు మీద గుమ్మరించి, ఉంగరం తీసి ఆ బియ్యంలో 'కరకర' అని రాశాడు. ఒక్కో గింజా ఒక్కో సందులోకి జారిపోయింది.

"అయ్యయ్యో! ఏంటండీ ఇది!" అని దివాకరం లబోదిబోమన్నాడు.

"కంగారు పడకు బాబూ, నువ్వు మేనమామ లాంటివాడివి, పక్కన నిలబడు" అన్నాడు గవరయ్య.

"కరకర డాట్ కామ్ అని ఖాయం చెయ్యనా మరి?" అన్నాడు దివాకరం ఏడుపుగొంతుతో.

"డాట్ కామ్ ఏంటి మధ్యలో?"

"అన్నిటికీ చివర అదే ఉంటుందండీ. ఇంటిపేరు లాంటిదనుకోండి."

మంగతాయారు ఉలిక్కిపడింది. "అన్ని వెబ్‌సైట్లదీ ఒకటే ఇంటిపేరా? అయితే రేపు దీనికి సంబంధం ఎక్కడ దొరుకుతుందండీ? అందరూ అన్నదమ్ములే అయిపోతారు కదా!"

"ఇల్లరికం తెచ్చుకుందాం అక్కా" అంది సూరీడమ్మ. ఆ సంగతి అక్కడికి తేలింది.

ఇక చెవిలో మూడుసార్లు పేరు చెప్పడం మిగిలింది. పెట్టెకి పక్కన ఓ చిన్న బెజ్జం కనబడితే అదే చెవి అనుకుని తాతబ్బాయి వంగి "కరకర, కరకర, కరకర" అని చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా? గుర్తుండాలంటే తొడపాశం పెట్టాలి కదా. తొడ ఎక్కడుందో అటూ ఇటూ తడిమి చూసి, వెనకనుంచి వేలాడుతున్న వైరు పట్టుకుని గట్టిగా మెలి తిప్పాడు. టప్ మంది. కంప్యూటర్ చీకటైపోయింది.

"నిద్రపోయింది పాపం" అంది మంగతాయారు మురిపెంగా. "పేరు పెట్టగానే పిల్లలు అలాగే పడుకుంటారు."

దివాకరం చేతులెత్తి దణ్ణం పెట్టాడు. తన సెల్‌ఫోన్లోనే ఆ పేరు వెతికాడు. ఎవరూ తీసుకోలేదు. కొనేశాడు. "అయిపోయిందండీ! కరకర డాట్ కామ్ ఇప్పట్నుంచి మీ సొత్తు. లోకంలో ఇంకొకళ్ళు వాడుకోవడానికి వీల్లేదు. రేపటికల్లా సైటు సిద్ధం చేస్తాను, మీ పొట్లాలకి అంటించుకోడానికి పేరున్న కాగితాలూ అచ్చువేసి పంపుతాను. ఇక దయచేయండి బాబూ" అన్నాడు.

ఎంత మంచివాడో చూడండి, అన్నట్టే శనివారానికి అన్నీ చేసి పంపాడు. వీళ్ళూ కొన్ని వడియాలకి పొట్లాలు కట్టి ఆ కాగితాలు అంటించేశారు. కానీ గవరయ్య చెవిలో ఒకటే మాట మోగుతోంది. మీ సొత్తు. ఇంకొకళ్ళు వాడుకోవడానికి వీల్లేదు. ఎకరం పొలం ఉన్నా గట్టు దగ్గర పక్కవాడితో తగాదా తప్పదు. ఈ పేరుకి గట్టు కూడా లేదు, మొత్తం తనదే. ఆయన ఛాతీ అంగుళం పెరిగింది.

ఆదివారం వచ్చింది. టౌన్లో కల్యాణమండపం నిండా వంటవాళ్ళు. కామేశం గారు ముందే మాట్లాడి భోజనాల్లో మంగతాయారు వడియాలు వడ్డించారు. మూడొందల నోళ్ళు ఒక్కసారి కొరికేసరికి మండపం దద్దరిల్లింది. "ఎవరివయ్యా ఇవి? ఎక్కడ దొరుకుతాయి?" అని ఒకటే గోల. మంగతాయారు మూల నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాలుగు నెలల చాకిరీ, విరిగిన నడుం అన్నీ ఆ చప్పుడుతో మర్చిపోయింది పాపం. ఇంకొక్క నిమిషం. పేరు చెప్పేసి ఆ ఒక్క నిమిషం నోరు మూసుకుని నిలబడితే ఆ కుటుంబం గట్టెక్కిపోయేది.

"ఈ వడియాలు చేసిన పెసరకాయల గవరయ్య గారు ఇప్పుడు తమ వెబ్‌సైటు పేరు చెబుతారు. అందరూ రాసుకోండి" అన్నారు కామేశం గారు.

గవరయ్య మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, "కరకర డాట్ కామ్" అన్నాడు.

"ఆహా! ఏం పేరయ్యా!" అన్నారు జనం. జేబుల్లోంచి చిన్న పుస్తకాలు తీశారు. మూడొందల పెన్నులు ఒక్కసారి కదిలాయి. గవరయ్య పైనుంచి చూశాడు. ముందు వరసలో ఒకాయన 'కరకర' అని రాస్తున్నాడు. పక్కాయనా అదే రాస్తున్నాడు. వెనకాయన పైకి చదువుకుంటూ మరీ రాస్తున్నాడు.

"ఆపండి!" అని అరిచాడు గవరయ్య. మైకు కీచుమంది. "ఏం చేస్తున్నారు మీరంతా?"

"పేరు రాసుకుంటున్నామండీ."

"ఎవర్నడిగి రాసుకుంటున్నారు? అది మా సొత్తు! శుక్రవారమే కొనుక్కున్నాం. ఇంకొకళ్ళు వాడుకోవడానికి వీల్లేదు! పట్టపగలు, మనిషి చూస్తుండగానే మూడొందలమందీ కలిసి దోచుకుంటారా? ఒరే తాతబ్బాయ్, తలుపులు వేసెయ్యి!"

తాతబ్బాయి తలుపులు వేసేశాడు. ఇంకేముంది! నలుగురూ నాలుగు వరసల్లో దూరారు. పుస్తకం కనబడితే చాలు, కాగితం చింపెయ్యడమే. మంగతాయారుకి నడుం నిటారుగా రాదు కాబట్టి ఒళ్ళో పెట్టుకున్నవి లాక్కుంది, పైకెత్తిన చేతుల్లో ఉన్నవి సూరీడమ్మ లాక్కుంది. ఒకాయన అరచేతిలో రాసుకుంటే తాతబ్బాయి ఆ చెయ్యి పట్టుకుని మజ్జిగ గిన్నెలో ముంచి కడిగేశాడు. ఫోన్లో కొట్టుకున్నవాళ్ళని నిలబెట్టి చెరిపించారు. చింపిన కాగితాలన్నీ గోనెసంచిలో కుక్కారు.

కామేశం గారు తల బాదుకున్నారు. "ఓరి నీ మొహం మండా, అమ్ముకోడానికొచ్చావా, కొట్లాడ్డానికొచ్చావా? కాగితాలు చింపావు సరే. నా బుర్రలో ఉండిపోయింది కదా, దాన్నేం చేస్తావు?"

గవరయ్య ఉలిక్కిపడ్డాడు. ఇది ఆయనకి తట్టలేదు. కాసేపు ఆలోచించి, "మీరు పెద్దమనిషి. మర్చిపోతానని మీ పొయ్యి మీద ఒట్టెయ్యండి" అన్నాడు. ఆ గోల అక్కడితో వదిలిపోతే చాలనుకుని కామేశం గారు ఒట్టేశారు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ ఒట్టేసి, తలుపులు తీయించుకుని బతుకు జీవుడా అని బయటపడ్డారు.

ఇంటికొచ్చాక కాగితాల సంచిని పెరట్లో ఉన్న ధాన్యం గాదెలో వేసి తాళం పెట్టారు. నలుగురూ ఊపిరి పీల్చుకున్నారో లేదో, సూరీడమ్మకి పొట్లాలు కనబడ్డాయి.

"బావగారూ! వీటి మీద కూడా మన పేరుందండీ. ఎవడైనా పొట్లం కొనుక్కుంటే పేరు కూడా వాడితో పోతుంది!"

ఆ రాత్రీ పగలూ కూర్చుని పొట్లాల మీది కాగితాలన్నీ గోళ్ళతో గీకి పారేశారు. గీకుతుంటే పొట్లాలు చిరిగాయి, వడియాలకి గాలి తగిలింది. తర్వాత గవరయ్య దివాకరానికి ఫోన్ చేశాడు.

"బాబూ, ఆ సైటులో పై వరసలో మా పేరు పెట్టావుటగా, దారినపోయే ప్రతివాడికీ కనబడేట్టు?"

"అవునండీ. కనబడాలి కదండీ."

"మూసెయ్యి. పేరు మాత్రం మా దగ్గరే ఉంచి, సైటు మూసెయ్యి."

"అలాగేనండీ" అన్నాడు దివాకరం. పాపం, అతను అప్పటికింకా కీబోర్డులోంచి బియ్యం ఏరుకుంటున్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆకాశం నల్లగా కమ్ముకొచ్చింది. చల్లగాలి. ఇంట్లో వడియాలు తలగడల్లో, బీరువాల్లో, చిరిగిన పొట్లాల్లో. గవరయ్య గుమ్మంలో నిలబడి మబ్బు వంక చూసి గుండె చిక్కబట్టుకున్నాడు. ఎవరో ఒకరు రాకపోతారా దేవుడా అనుకున్నాడు.

వచ్చారు! ఓ పెద్ద వ్యాను వచ్చి వాకిట్లో ఆగింది. అందులోంచి కామేశం గారు దిగారు.

"గవరయ్యా, నీ సైటు తెరుచుకోవడం లేదు, అందుకని నేనే వచ్చాను. నీ మూర్ఖత్వం సంగతి పక్కన పెట్టు. ఆ వడియం రుచి ఎవరూ మర్చిపోలేకపోతున్నారు. సంఘంలో అందరూ కలిసి నన్ను పంపారు. ఎంతుంటే అంత, మొత్తం సరుకు వ్యానుకెక్కించు. వాన రాకముందే కానీ" అన్నారు.

మంగతాయారు రెండు చేతులూ జోడించింది. సూరీడమ్మ తలగడలు మోసుకురావడానికి లోపలికి పరుగెత్తింది. గవరయ్యకి ఒళ్ళు పులకరించిపోయింది. ఓ బస్తా భుజానికెత్తుకుని వ్యాను దాకా వచ్చి, అక్కడ ఆగాడు.

"మొత్తం సరుకే అన్నారా కామేశం గారూ?"

"మొత్తం. ఈ కరకర వడియాలు ఒక్కటి కూడా ఇంట్లో ఉంచొద్దు."

గవరయ్య చేతిలోంచి బస్తా జారిపోయింది.

"ఏ వడియాలన్నారు?"

"కరకర వడియాలయ్యా."

"ఒట్టేశారు! మర్చిపోతానని పొయ్యి మీద ఒట్టేశారు!" అని అరిచాడు గవరయ్య. "పెద్దమనిషని నమ్మాను. మా పేరు ఇన్నాళ్ళూ మీ దగ్గరే పెట్టుకుని తిరుగుతున్నారా? పైగా ఇంటికొచ్చి మా మొహం మీదే వాడతారా?"

"ఒరే బాబూ, వాన వచ్చేస్తోందిరా! ముందు సరుకెక్కించు, తర్వాత తిట్టు!"

మంగతాయారు మొగుడి వంక చూసింది. ఒక్క క్షణం ఆవిడ కళ్ళల్లో ఏదో మెదిలింది, నడుం మీద చెయ్యేసుకుని వ్యాను వంక కూడా చూసింది. కానీ పెసరకాయల వారి కోడలు కదా! బస్తా తీసుకుని మళ్ళీ లోపల పెట్టేసింది.

"తప్పండీ కామేశం గారూ" అంది మెత్తగా. "ముందు మీరు ఇంటికెళ్ళి మర్చిపోండి. మర్చిపోయాక రండి. మా పేరు తెలియనివాళ్ళకే అమ్ముతాం."

"తాతబ్బాయ్, గేటు వెయ్యి" అన్నాడు గవరయ్య. కామేశం గారు వాళ్ళని కిందనుంచి మీదదాకా చూసి, వ్యానెక్కి వెళ్ళిపోయారు. మొదటి చినుకు వ్యాను వెళ్ళిన దుమ్ములో పడింది, రెండోది డాబా మీద పడింది. అంతే, పెసరకాయల వారు నలుగురూ గొడుగులు తీసుకుని బయటికి పరుగెత్తి, పేరున్న కాగితాలు తడవకుండా గాదె చుట్టూ నిలబడ్డారు.